తడబడేందుకు గడువు ఎవరికి?

2005లో విజయవాడలోని ఒక కేబుల్ చానల్లో పొద్దుటి వార్తలు చదివేదాన్ని. చదివింది మొత్తం పదకొండు రోజులు. పదకొండో రోజున పోలవరం అనాల్సిన చోట పులిచింతల అన్నాను. రెండు ప్రాజెక్టుల వార్తలూ ఆ రోజు పక్కపక్కనే ఉన్నాయి. పైగా చెవిలో ఇయర్‌ఫోన్‌లోంచి, "టైమైపోతోంది, తగ్గించమ్మా, తగ్గించు" అని ఒకటే తొందర. నోట్లోంచి ఏం వచ్చిందో చదివేశాక గానీ నాకు తెలియలేదు. మర్నాడు డ్యూటీ చార్టులో నా పేరు లేదు. వారం తిరిగేసరికి ఆ కుర్చీలో ఒక నాయకుడిగారి అమ్మాయి కూర్చుంది. ఆ పిల్లా తడబడేది, నాకంటే ఎక్కువే తడబడేది. ఎవరూ తీసెయ్యలేదు. ఆరు నెలలు పోయాక ఇంట్లో టీవీ పెడితే, ఆ అమ్మాయి బ్రహ్మాండంగా చదువుతోంది. ఉన్నమాట చెప్పాలి కదా, నిజంగానే బాగా చదివింది.

ఆ ఆరు నెలల గురించి నేను చాలా ఏళ్లు తప్పుగా ఆలోచించాను. ఆ అమ్మాయికి దక్కింది కుర్చీ అనుకున్నాను. అసలు దక్కింది వేరే అని అమెరికా వచ్చి టీవీ చూస్తూ కూర్చున్నాక అర్థమైంది.

పెళ్లయ్యాక 2008లో న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చాను. హెచ్4 వీసా. అప్పట్లో ఆ వీసా మీద వచ్చిన భార్యలకు ఉద్యోగం చేసే వీల్లేదు, కొందరికైనా అనుమతి వచ్చింది 2015 మేలోనే. మా ఆయన ఆఫీసుకి వెళ్లిపోయాక పది గంటలకు ఎన్‌బీసీ చానల్లో 'టుడే' అనే పొద్దుటి షో నాలుగో గంట పెట్టుకునేదాన్ని. కాథీ లీ గిఫర్డ్, హోడా కోత్బీ బల్ల ముందు కూర్చుని కబుర్లు చెప్పేవారు. నా ఇంగ్లిష్ సగం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

2009 ఆగస్టులో ఆ 'టుడే' వాళ్లే జెన్నా బుష్ హేగర్‌ని కరస్పాండెంటుగా తీసుకుంటున్నామని ప్రకటించారు. ఆమె తండ్రి జార్జ్ డబ్ల్యూ. బుష్ వైట్‌హౌస్ ఖాళీ చేసి అప్పటికి ఏడు నెలలు. తాత కూడా అధ్యక్షుడే. జెన్నా బాల్టిమోర్లో పిల్లలకు చదువు చెప్పే టీచరు, వార్తల్లో ఒక్కరోజు పనిచేసిన మనిషి కాదు. అంతకుముందు తన పుస్తకం గురించి చెప్పడానికి ఆ షోకి అతిథిగా వస్తే, ఆమె మాట్లాడే తీరు నిర్మాత జిమ్ బెల్‌కి నచ్చింది. అలా పిలుపు వచ్చింది. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే గుంటూరు అక్కయ్య, "ఏమొచ్చునే ఆ పిల్లకి, వాళ్ల నాన్న పేరు తప్పితే!" అంది. "అదేగా అక్కా" అన్నాను. నా కడుపుమంట నాది.

హోడా కథ నాకు తర్వాత తెలిసింది. తల్లిదండ్రులు ఈజిప్టు నుంచి వచ్చినవాళ్లు. 1986లో వర్జీనియా టెక్‌లో డిగ్రీ అయ్యాక, వాళ్లమ్మ కారు తీసుకుని, తన టేపు పట్టుకుని, పది రోజులపాటు ఊరూరా టీవీ స్టేషన్లు తిరిగింది. 27 చోట్ల కాదన్నారు. చివరికి మిసిసిపీ రాష్ట్రంలో గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్లో ఒక న్యూస్ డైరెక్టరు టేపు చూసి ఉద్యోగం ఇచ్చారు. తర్వాత ఫ్లోరిడా, న్యూ ఓర్లిన్స్, అక్కణ్నించి 1998లో న్యూయార్క్. జెన్నా ఎన్‌బీసీలో చేరేనాటికి ఆమె వయసు 27. ఒకరికి 27 తిరస్కారాలు, ఒకరికి 27వ ఏట పిలుపు. ఈ ఇద్దరూ 2019 ఏప్రిల్ నుంచి ఒకే షోలో పక్కపక్కనే కూర్చున్నారు.

ఆ రెండు అంకెలూ చూసి చాలా రోజులు రగిలిపోయాను. ఆ తర్వాత ఇంకో సంగతి తోచింది. గ్రీన్‌విల్‌లో హోడా మొదటి నెలలు ఎలా చదివి ఉంటుందో దేశానికి తెలియదు. చిన్న ఊరి స్టేషన్ అంటే అందుకే. అక్కడ తడబడొచ్చు, మాట మింగొచ్చు, కెమెరా ఎటుందో మర్చిపోవచ్చు. ఊరివాళ్లు తప్ప ఎవరూ చూడరు. జెన్నాకి గ్రీన్‌విల్ లేదు. దేశమంతా చూసే షోలోనే నేర్చుకుంది. అంత పెద్ద షోలో నేర్చుకోనివ్వడం మామూలు మనిషికి జరిగే పని కాదు. ఇంటిపేరు తెచ్చిపెట్టిన అసలు ఆస్తి అదే: బాగా చేయకపోయినా ఉండనిచ్చే ఓపిక.

ఈ పనిలో ప్రతిభ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. నవ్వుతూ మాట్లాడటమేగా అంటారు. పదకొండు రోజులే అయినా ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతాను. ఎదుట ప్రాంప్టర్‌లో అక్షరాలు పైకి జరుగుతూ ఉంటాయి. చెవిలో ప్యానెల్ రూమ్ నుంచి ఒకరు అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటారు, పది, తొమ్మిది, ఎనిమిది అని. ఎదురుగా అతిథి మాట్లాడుతుంటాడు. ఆయన చెప్పేది వినాలి, వింటున్నట్టు ముఖంలో కనిపించాలి. సరిగ్గా సున్నా దగ్గర ఆయన మనసు నొచ్చుకోకుండా మాట ఆపి బ్రేక్‌కి వెళ్లాలి. వినడం, చదవడం, లెక్కపెట్టుకోవడం మూడూ ఒకేసారి జరగాలి, అయినా ఇంట్లో చూసేవాళ్లకు కబుర్లు చెబుతున్నట్టే ఉండాలి. ఇది ఎవరికీ పుట్టుకతో రాదు. ఈత లాంటిది, నీళ్లలో దిగితేనే వస్తుంది, దిగినవాళ్లు మొదట నీళ్లు మింగుతారు. రాజకీయ కుటుంబాల పిల్లలకు ఒక్క సౌకర్యం ఉంటుంది. కెమెరా అంటే బెదురు చిన్నప్పుడే పోతుంది. మిగతాదంతా అందరిలాగే నేర్చుకోవాలి.

2017 జనవరి 8న గోల్డెన్ గ్లోబ్స్ వేడుక. రెడ్ కార్పెట్ మీద మైకు పట్టుకుని నిలబడిన జెన్నా దగ్గరికి సంగీతకారుడు ఫారెల్ విలియమ్స్ వచ్చాడు. 'హిడెన్ ఫిగర్స్' సినిమా సంగీతానికి అతనికి నామినేషన్ వచ్చింది. అదే ఏడాది 'ఫెన్సెస్' అనే ఇంకో సినిమా కూడా పోటీలో ఉంది. రెండూ నల్లజాతి వాళ్ల కథలు. జెన్నా నోట 'హిడెన్ ఫెన్సెస్' అని వచ్చింది. ఆ రాత్రే వేదిక మీద నటుడు మైకేల్ కీటన్ కూడా సరిగ్గా అదే తప్పు చేశాడు. నల్లజాతి వాళ్ల సినిమాలన్నీ మీకు ఒకటేనా అని జనం అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. మర్నాడు పొద్దున్నే 'టుడే'లో జెన్నా కన్నీళ్లతో క్షమాపణ చెప్పింది. ఆ ముఖం చూస్తుంటే నాకు పులిచింతల గుర్తొచ్చింది. మా ఇద్దరిదీ ఒకే రకం తప్పు. ఆమె మర్నాడు తెర మీదికి వచ్చి క్షమాపణ చెప్పుకోగలిగింది. రెండేళ్లు తిరిగాక నాలుగో గంటకి ఆమెనే యాంకరుగా ఎంపిక చేశారు. కాథీ లీ వదిలి వెళ్లిన కుర్చీ అది.

అప్పటికి ఆమెకు పదేళ్ల అనుభవం. ఇప్పుడు ఆమె బాగా చేస్తుందా అంటే, చేస్తుంది. రోజూ చూసేదాన్ని, ఆ మాట నిస్సంకోచంగా అంటాను. తన గురించి దాచుకోకుండా మాట్లాడుతుంది, అతిథి చెప్పేది వింటుంది. నెలనెలా ఒక పుస్తకాన్ని ఎంచి చదివించే బుక్ క్లబ్ నడుపుతోంది. 2020 జూన్‌లో కోల్‌కతా నేపథ్యంలో మేఘా మజుందార్ రాసిన 'ఎ బర్నింగ్' అనే తొలి నవలను ఎంచుకుంది. కొత్త రచయితకి అంతకంటే ఏం కావాలి? 2025 జనవరిలో హోడా వెళ్లిపోయాక షో పేరే జెన్నా పేరు మీదికి మారింది.

గడువిస్తే చాలు, అందరికీ వచ్చేస్తుందా? రాదు. మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ కూతురు చెల్సీ క్లింటన్ సంగతి చూడండి. 2011 నవంబర్లో అదే ఎన్‌బీసీ ఆమెను తీసుకుంది. మంచి పనులు చేసేవాళ్ల మీద చిన్న కథనాలు ఆమె వంతు. ఏడాదికి 6 లక్షల డాలర్లు ఇస్తున్నారని 2014 జూన్‌లో 'పొలిటికో' బయటపెట్టింది. తెర మీద కనిపించిందేమో చాలా తక్కువ. నేను చూసిన కథనాల్లో ఆమె ప్రతి మాటా తూచి తూచి మాట్లాడేది. తప్పు దొర్లకూడదని పెరిగిన పిల్లలా అనిపించేది. తప్పు చేయడానికి ఒప్పుకోని మనిషికి టీవీ లొంగదు. 2014 ఆగస్టులో మానేసింది. ఆ జీతంతో ఎంతమంది కొత్త రిపోర్టర్లకు చిన్న ఊళ్లలో అవకాశం ఇవ్వొచ్చో అని ఆ రోజే అనుకున్నాను, ఇవాళా అనుకుంటాను.

మేగన్ మెక్‌కెయిన్ విషయం వేరు. ఆమె సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ కూతురు, 2017 అక్టోబర్లో ఏబీసీ 'ద వ్యూ'లో చేరింది. ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని రాజకీయాలు వాదించుకునే షో అది. ఆ డిసెంబర్లో జో బైడెన్ అతిథిగా వచ్చారు. మేగన్ తండ్రికి మెదడు క్యాన్సర్. బైడెన్ కొడుకుని రెండేళ్ల క్రితం పొట్టనపెట్టుకున్నదీ అదే జబ్బు. మాట్లాడుతూ మేగన్‌కి ఏడుపొచ్చింది. బైడెన్ లేచి వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. ఆ రోజు నేనూ ఏడ్చాను. అయినా ఆ షోలో ఆమె ప్రతిభ మీద గొడవ 2021లో వెళ్లిపోయేదాకా చల్లారలేదు. వాదించడమే పని అయిన చోట, మాటకి ముందు మా నాన్న అంటూ వస్తే, వినేవాళ్లు వాదన వినడం మానేసి నాన్నని చూస్తారు.

ఇంకో ప్రమాదం దీనికన్నా పెద్దది. సీఎన్‌ఎన్ యాంకర్‌గా చేసిన క్రిస్ క్యూమో తండ్రి మారియో న్యూయార్క్ మాజీ గవర్నరు, అన్న ఆండ్రూ కూడా అప్పట్లో గవర్నరే. 2020లో కోవిడ్ రోజుల్లో తమ్ముడే అన్నని ఇంటర్వ్యూ చేస్తుంటే దేశం మురిసిపోయింది. మరుసటేడు అన్న మీద లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. వాటి నుంచి అన్నని కాపాడే ప్రయత్నంలో తమ్ముడి పాత్ర బయటపడింది. 2021 డిసెంబర్లో సీఎన్‌ఎన్ క్రిస్‌ని తీసేసింది. క్రిస్‌కి ప్రతిభ లేదని ఎవరూ అనలేదు. కానీ ఇంటివాడు అధికారంలో ఉంటే ప్రశ్న అడిగే కుర్చీలో కూర్చోకూడదు. ఈ ఒక్క విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మన దగ్గరా ఈ చర్చ ఉంది. 2017లో 'బిగ్ బాస్' తెలుగు మొదటి సీజన్ జూనియర్ ఎన్టీఆర్ నడిపారు. 2021లో 'ఆహా'లో బాలకృష్ణ 'అన్‌స్టాపబుల్' మొదలుపెట్టారు. ఒకరికి తాత, ఒకరికి తండ్రి మాజీ ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు. పేరుతోనే వచ్చారు అనడం తేలిక. కానీ బాలకృష్ణ 1974 'తాతమ్మ కల' నుంచి, జూనియర్ చిన్నప్పటి నుంచి కెమెరా ముందే ఉన్నారు. వాళ్లకి గ్రీన్‌విల్ సినిమానే. మన దగ్గర ఆ సినిమా గ్రీన్‌విల్‌కి దారి కూడా ఎక్కువగా ఇంటిపేరే వేస్తుందన్నది నిజమే.

కాబట్టి వాళ్లకి ప్రతిభ ఉందా లేదా అని కొట్టుకోవడం నేను మానేశాను. జెన్నాకి ఉంది, చెల్సీకి ఆ పనిలో లేదు, విజయవాడలో ఆ అమ్మాయికి వచ్చింది. నాకు ఉందో లేదో ఎప్పటికీ తెలియదు. పన్నెండో రోజు రాలేదు కాబట్టి తెలియదు.

చానళ్లలో ఆడిషన్లు చేసే అన్నలకీ అక్కలకీ ఒక విన్నపం. ఈసారి ఏ పలాసా నుంచో, ఏ నారాయణపేట నుంచో ఎవరి సిఫారసూ లేని పిల్ల వచ్చి, మొదటి వారంలోనే ఒక ఊరి పేరు తప్పు చదివితే, డ్యూటీ చార్టు మార్చకండి. మర్నాడు పొద్దున్న కూడా ఆ పిల్లనే కూర్చోబెట్టండి. నాయకుడిగారి అమ్మాయికి ఇచ్చినట్టే ఆరు నెలలు ఇవ్వండి. ఆ తర్వాత కూడా బాగా చదవకపోతే అప్పుడు తీసెయ్యండి.