నక్షత్రం పేరు పొందిన పచ్చిక

కొన్ని పేర్లకు వస్తుస్వభావంతో సంబంధం ఉండదు. వాటి వెనుక ఒక చరిత్ర ఉంటుంది. కృత్రిమ పచ్చికకు ప్రసిద్ధమైన ‘ఆస్ట్రోటర్ఫ్’ అన్న పేరు అటువంటిది. ‘ఆస్ట్రో’ అన్న గ్రీకు పదాంశానికి నక్షత్ర సంబంధమైనదని అర్థం. ‘టర్ఫ్’ అంటే పచ్చిక. నేలమీది పచ్చికకు నింగిలోని నక్షత్రంతో పొత్తు ఎట్లా కుదిరింది?

అమెరికాలోని హ్యూస్టన్ నగరం అంతరిక్షయాత్రల కేంద్రం. అందువల్ల అక్కడి బేస్‌బాల్ జట్టుకు ‘ఆస్ట్రోస్’ అని, 1965లో ప్రారంభమైన పైకప్పుగల క్రీడామందిరానికి ‘ఆస్ట్రోడోమ్’ అని పేర్లు వచ్చాయి. కప్పు పలకల గుండా ప్రసరించిన వెలుగుకు ఆటగాండ్ర కళ్ళు చెదరి బంతి కనిపించలేదు. పలకలకు రంగు పూయగా, ఎండ అందక లోపలి గడ్డి మాడిపోయింది. 1966లో మోన్‌శాంటో సంస్థవారి నైలాన్ పచ్చికను పరిచారు. అంతకుముందు ‘కెమ్‌గ్రాస్’గా పిలువబడిన ఆ పచ్చిక, క్రీడామందిరం పేరు కలుపుకొని ‘ఆస్ట్రోటర్ఫ్’ అయింది. వనస్పతిని డాల్డా అన్నట్లు, క్రమంగా ఆ వ్యాపారనామమే జాతినామంగా వ్యాప్తి చెందింది.

ఈ మార్పు మన హాకీని కూడా తాకింది. 1928 నుండి 1972 వరకు జరిగిన ప్రతి ఒలింపిక్స్‌లోను పతకం పొందిన భారతజట్టు, 1975లో సహజమైన పచ్చికపై ప్రపంచకప్పు గెలిచింది. మరుసటి సంవత్సరం మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ తొలిసారిగా కృత్రిమ పచ్చికపై జరుగగా, ఏడవ స్థానంతో సరిపెట్టుకొన్నది. ఓటమికి అదొక్కటే కారణం కాకపోవచ్చు. కాని బంతి వేగం పెరిగింది. ఆట తీరు మారింది. హైదరాబాదుకు చెందిన ముఖేష్ కుమార్ వంటి తరువాతి తరం క్రీడాకారులు ఒలింపిక్స్‌లో ఆడినది ఇటువంటి మైదానాలపైనే. ఖరీదైన ఆ పచ్చిక అందుబాటులో లేని ఊళ్ళలోని పిల్లలు మాత్రం, మట్టిమీద నేర్చిన విద్యను దానిపై మళ్ళీ మొదటినుండి నేర్చుకోవలసి వచ్చింది.