గొంతులోనూ కీళ్లున్నాయి!

షిలోహు మందిరంలో హన్నా ప్రార్థిస్తున్నప్పుడు ఆమె పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడలేదు. అది చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడని సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం చెబుతోంది. గొంతు వినిపించని మనిషి గురించి తొందరపడి తీర్పు ఇచ్చేయడం అంత పాత అలవాటన్నమాట! హన్నాది మనోవేదన. ఈనాడు మన మందిరాల్లో కొందరి గొంతు మూగబోవడానికి కారణం వారి ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్న జబ్బు. కానీ మన మాటలు మాత్రం ఏలీ మాటల్లాగే ఉంటాయి. ‘పాడిపాడి గొంతు పోగొట్టుకుంది’, ‘చల్లనీళ్లు తాగి ఉంటుంది’, ‘ఈమధ్య భక్తి తగ్గింది, అందుకే పాటలకు నిలబడడం లేదు’... ఇవేవీ కాకపోవచ్చు. ఆమెకున్న కీళ్లవాతమే గొంతుదాకా వచ్చి ఉండవచ్చు. కీళ్లవాతానికీ గొంతుకూ ఏమిటి సంబంధమని ఆశ్చర్యపోతున్నారా? సంబంధం ఉంది. అది తెలియక చాలామంది నెలల తరబడి కషాయాలతో, దగ్గు మందులతో కాలం గడిపేస్తుంటారు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు సాగే ఒకే రైలు దారిలోని ఊళ్లివి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, అంతకుముందు అనంతపురం జిల్లాలోవే. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని కరువు సీమ ఇది. గాలి పొడి, నేల దుమ్ము. హిందూపురం మార్కెట్లో మిరపకాయల ఘాటు, చింతపండు బస్తాల దుమ్ము మధ్య రోజంతా కేకలు వేస్తూ పనిచేసేవారున్నారు. ధర్మవరంలో మగ్గం చప్పుడును మించి గట్టిగా మాట్లాడుకుంటే తప్ప పక్కవారికి వినిపించదు. పెనుకొండ పల్లెల్లో పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లున్నారు. ఇక ఆదివారం మైకు పనిచేయకపోతే వాక్యం చెప్పే పాస్టర్ గారి గొంతే మైకు! ఈ ఊళ్లలో గొంతుకు పని ఎక్కువ, తడి తక్కువ. అందుకే గొంతు బొంగురుపోతే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నిజంగా పట్టించుకోవలసిన బొంగురు కూడా ఈ మామూలు బొంగురు చాటున దాక్కుంటుంది.

వేళ్ల కీళ్ల నుంచి గొంతు కీళ్ల దాకా

డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే జబ్బును మనవాళ్లు కీళ్లవాతమనీ, ఆమవాతమనీ అంటారు. ఆల్ఫ్రెడ్ గారోడ్ అనే ఇంగ్లిషు వైద్యుడు 1859లో ఈ జబ్బుకు ఆ పేరు పెట్టాడు. సూక్ష్మజీవుల నుంచి కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి మన సొంత కీళ్లలోని పలుచని పొర మీదే దాడిచేస్తుంది. దాంతో కీళ్లు వాస్తాయి, నొప్పిపెడతాయి. తెల్లవారి లేవగానే వేళ్లు బిగుసుకుపోయి గంటసేపయినా వదలవు. నూటికి ఒకరికి, లేదా అంతకు కొంచెం తక్కువమందికి వచ్చే ఈ జబ్బు మగవారికన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. వయసు మళ్లినవారికే వస్తుందనుకోవడం పొరపాటు. ముప్ఫైలలో, నలభైలలో ఉన్నవారికీ వస్తుంది.

ఈ జబ్బు వేళ్లలో, మణికట్టులో, మోకాళ్లలో కనిపిస్తుంది కాబట్టి అక్కడితోనే ఆగుతుందనుకుంటాం. కానీ మన స్వరపేటికలోనూ కీళ్లున్నాయి! స్వరతంతువుల వెనుక చివరన గోధుమగింజను మించని చిన్న కీళ్లు ఒక జత ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడు స్వరతంతువులు తలుపు రెక్కల్లా విడిపోవడానికీ, మాట్లాడినప్పుడు దగ్గరకు చేరడానికీ ఆ కీళ్లే ఆధారం. అంటే తలుపులకు బందులెలాగో గొంతుకు అవి అలాగ. నిర్మాణంలో అవి మన వేలి కీళ్లలాంటివే. కాబట్టి వేళ్లను పట్టిన వాపు వాటినీ పట్టవచ్చు. బందులు బిగుసుకుపోతే తలుపు పూర్తిగా మూసుకోదు, పూర్తిగా తెరుచుకోదు. మూసుకోకపోతే మాటలో గాలి ఎక్కువై గొంతు బొంగురుపోతుంది, పై స్థాయికి వెళ్లదు. తెరుచుకోకపోతే ఊపిరికే ఇబ్బంది.

లక్షణాలు ఎలా ఉంటాయి? గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఉంటుంది. మింగుతుంటే, మాట్లాడుతుంటే నొప్పి పుడుతుంది. ఆ నొప్పి చెవిలోకి లాగుతుంది. చెవి చూపించుకుంటే అక్కడ ఏమీ కనిపించదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కొందరికి స్వరతంతువుల మీదే చిన్న గడ్డలు లేస్తాయి. ఒకే మనిషికి ఇవన్నీ ఉండాలని లేదు. కీళ్లవాతం ఉన్నవారిలో చాలామందికి ఈ గొంతు కీళ్లలో కొంత మార్పు ఉన్నా, పైకి లక్షణాలు కనిపించేది కొందరిలోనే.

కారణం ఒక్కటే కాదు

ధర్మవరంలో మగ్గం దగ్గర పనిచేసే ఒక అక్కను ఊహించుకోండి. ఐదేళ్లుగా కీళ్లవాతం. ఆదివారం స్త్రీల గుంపులో ముందు నిలబడి పాట ఎత్తుకునేది ఆమే. రెండు నెలలుగా గొంతు రావడం లేదు. దానికి కారణం గొంతు కీలే కానవసరం లేదు. కీళ్ల నొప్పికని ఆమె రోజూ మింగే నొప్పి మాత్రలు కడుపులో మంట పుట్టించి, పుల్లని ద్రవం గొంతుదాకా ఎగదన్నుతూ ఉండవచ్చు. కీళ్లవాతంతో పాటు కళ్లు, నోరు ఎండిపోయే షోగ్రెన్ జబ్బు కొందరికి తోడవుతుంది. స్వీడన్ దేశపు కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దాన్ని వివరంగా రాశాడు కాబట్టి దానికి ఆయన పేరే వచ్చింది. అది ఉంటే లాలాజలం ఊరదు, గొంతులో జిగురు చిక్కబడుతుంది, నీళ్లు లేనిదే ముద్ద దిగదు. ఎండిపోయిన గొంతును గురించి 69వ కీర్తనలో కీర్తనాకారుడు మొరపెట్టిన బాధ ఇలాంటివారికి బాగా తెలుసు!

మరో సంగతి కూడా చెప్పుకోవాలి. కీళ్లవాతానికి వాడే మందులు కొన్ని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అప్పుడు క్షయ తలెత్తే ప్రమాదం పెరుగుతుంది. ఆ క్షయ గొంతుకూ రావచ్చు. మన దేశంలో గొంతు బొంగురుపోతే క్షయను మరిచిపోవడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్షా, మందులూ ఉచితమే. బీడీ, సిగరెట్, గుట్కా, జర్దా అలవాటున్నవారిలో క్యాన్సర్‌నూ అనుమానించాలి. ఉబ్బసం కూడా ఉండి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవారు పీల్చిన తర్వాత నోరు పుక్కిలించకపోతే గొంతులో ఫంగస్ చేరి మాట బొంగురుపోతుంది. ఇన్ని దారులున్నప్పుడు పక్కింటివారు చెప్పిన మందు సరైన దారి ఎలా అవుతుంది?

ఒక పాటల మాస్టారు చూపిన దారి

గొంతు లోపలికి చూడడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. ఈ విద్యకు బాట వేసినవారిలో ముఖ్యుడు డాక్టర్ కాదు, పాటల మాస్టారు! మాన్యుయెల్ గార్సియా అనే ఆ స్పెయిన్ సంగీత గురువు 1854లో ఒక చిన్న అద్దంతో సూర్యకాంతిని గొంతులోకి పంపి, తన స్వరతంతువులు కదలడం తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్‌లో శాస్త్రవేత్తల ముందు ఆ వివరాలు ఉంచాడు. ఇప్పుడు అద్దం స్థానంలో సన్నని కెమెరా గొట్టం వచ్చింది. ముక్కులోంచి పంపితే కొద్ది నిమిషాల్లోనే స్వరతంతువులు ఎలా కదులుతున్నాయో తెరమీద కనిపిస్తుంది. అవసరమైతే స్కానింగ్ చేస్తారు.

మాట బొంగురుపోయి నాలుగు వారాలు దాటితే ఎవరైనా సరే చెవి ముక్కు గొంతు డాక్టర్‌తో ఈ పరీక్ష చేయించుకోవాలి. పొగాకు అలవాటున్నా, మెడలో గడ్డ కనిపించినా, ఉమ్మిలో రక్తం పడినా అన్నాళ్లు కూడా ఆగకూడదు. డాక్టర్ దగ్గర మొదటి మాటగా ‘నాకు కీళ్లవాతం ఉంది, ఈ మందులు వాడుతున్నాను’ అని చెప్పాలి. గొంతు చూసే డాక్టర్‌కు కీళ్ల సంగతి, కీళ్లు చూసే డాక్టర్‌కు గొంతు సంగతి చెప్పకపోతే ఇద్దరికీ సగం జబ్బే కనిపిస్తుంది. అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గొంతు విభాగం ఉంది. కీళ్లవాత నిపుణులు కావాలంటే హిందూపురంవారికి రైలుదూరంలోనే బెంగళూరు ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క పడకతో ప్రారంభించిన వేలూరు సీఎంసీలోనూ ఇందుకు ప్రత్యేక విభాగాలున్నాయి.

ఒక హెచ్చరిక మాత్రం ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులోంచి ఈల వేసినట్టో, గురకలాగో శబ్దం వస్తుంటే, పడుకుంటే ఊపిరి అందకపోతే అది అత్యవసరం. తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి. రెండు స్వరతంతువులూ దగ్గరగా వచ్చి బిగుసుకుపోతే మాట ఒకమోస్తరుగా వస్తూనే ఉంటుంది, కానీ ఊపిరి దారి ఇరుకైపోతుంది. మాట వస్తోంది కదా అని ధైర్యపడకూడదు. అలాగే కీళ్లవాతం ఉన్నవారికి ఏ ఆపరేషన్ జరగవలసి వచ్చినా, మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఆ సంగతి ముందే చెప్పాలి. మెడ ఎముకలు, గొంతు కీళ్లు దెబ్బతిని ఉంటే గొట్టం వేయడం కష్టమవుతుంది. తెలిస్తే వారు తగిన జాగ్రత్త తీసుకుంటారు.

కీలు వాపు వల్లనే గొంతు పోయిందని తేలితే అసలు జబ్బును అదుపులో పెట్టడమే చికిత్స. వాపు తగ్గితే గొంతు చాలావరకు కోలుకోవచ్చు. ఆలస్యమైతే కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ఎక్కువమందికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పుళ్లుపడి ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో ఇంట్లో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడం మంచిది. పేరులేని పొడులు, సంచుల్లో కట్టి ఇచ్చే మాత్రలు నొప్పిని మాయం చేస్తున్నాయంటే వాటిలో స్టెరాయిడ్లు కలిసి ఉండవచ్చు. అయితే స్టెరాయిడ్లు వాడుతున్నవారు డాక్టర్‌ను అడగకుండా ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే.

గొంతుకు ఇంట్లో మనం చేయగలిగింది కూడా ఉంది. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతుండాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, నిజానికి అది ఇంకా శ్రమ. అంతకన్నా మామూలు గొంతుతో తక్కువ మాట్లాడడం మేలు. మిరప దుమ్ములో పనిచేసేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు విడిచిపెట్టాలి.

అహరోనులు కావాలి

వైద్యం చేయించుకోవడం అవిశ్వాసమని చెప్పేవారు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అతన్ని ప్రియమైన వైద్యుడిగానే పౌలు కొలొస్సయులకు పరిచయం చేశాడు తప్ప, వైద్యం మానేసి రమ్మనలేదు! ప్రార్థన చేసుకుని ఆసుపత్రికి వెళ్లడంలో వైరుధ్యమేమీ లేదు. ప్రార్థించాం కాబట్టి పరీక్ష అక్కర్లేదనుకుంటేనే నష్టం. పరీక్షకు ఆలస్యమైన ప్రతి వారమూ ఆ కీలు మీద భారమే.

గొంతు పోయినవారికి జబ్బుకన్నా ఎక్కువ బాధ కలిగించేది ‘ఇక నేను దేనికీ పనికిరాను’ అనే తలంపు. సంవత్సరాల తరబడి పాట ఎత్తుకున్న మనిషి, సండే స్కూలు నడిపిన టీచరమ్మ, వాక్యం చెప్పిన పాస్టర్ గారు ఒక్కసారిగా వెనుక వరుసలో కూర్చోవలసి వస్తుంది. కొంతకాలానికి ఆ వెనుక వరుస కూడా ఖాళీ అవుతుంది. తాను నోటిమాట నేర్పు లేనివాడినని మోషే వెనుకాడినప్పుడు దేవుడు అతన్ని పక్కన పెట్టలేదు. మాట్లాడడానికి అన్నను, అహరోనును తోడిచ్చాడు. నాయకుడు మోషేనే, నోరు అహరోనుది. మన సంఘాలు చేయగలిగింది సరిగ్గా ఇదే. పాట ఎంపిక ఆమె చేయనివ్వండి, ఎత్తుకోవడం ఇంకొకరు చేస్తారు. పాస్టర్ గారి ప్రసంగం అరగంటకు తగ్గనివ్వండి, మంచి మైకు ఒకటి కొనండి, చదవవలసిన వాక్యభాగాలు యువకులతో చదివించండి. మగ్గం ఆపుకుని ధర్మవరం నుంచి ఆసుపత్రికి వెళ్లే అక్కకు ఆ రోజు కూలి పోతుంది. రైలు టికెట్, తోడు మనిషి సమకూర్చడం ఒక ప్రత్యేక పాట పాడినంత ఆరాధనే.

ఈ ఆదివారం పాటల గుంపు వైపు ఒకసారి చూడండి. పోయిన ఏడాది అక్కడ నిలబడి, ఈ ఏడాది కనిపించనివారు ఎవరైనా ఉన్నారా? ‘ఎందుకు పాడడం లేదు?’ అని నిలదీయకండి. ‘గొంతు ఎన్నాళ్లుగా ఇలా ఉంది, డాక్టర్‌కు చూపించుకున్నావా, నేను తోడు రానా?’ అని అడగండి.