అలెండ్రోనేట్ మాత్రల వలన కలిగే నోటి పుండ్లు

బోలు ఎముకల వ్యాధికి వాడే అలెండ్రోనేట్ మాత్ర నోటిలో నిలిచి కరిగినప్పుడు, అది తాకిన చోట లోపలి పొర దెబ్బతిని ఏర్పడే పుండ్లనే అలెండ్రోనేట్ నోటి పుండ్లు అంటారు. సరిగా మింగినవారిలో ఇవి అరుదు.

అలెండ్రోనేట్ బిస్‌ఫాస్ఫొనేట్ల వర్గానికి చెందిన మందు. ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్ కణాల పనిని ఇది మందగింపజేస్తుంది. అమెరికాలో 1995లో దీనికి అనుమతి లభించింది. సాధారణంగా వారానికొకసారి 70 మిల్లీగ్రాముల మాత్రగా ఇస్తారు.

కారణము

మింగిన మందులో రక్తములో చేరేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. కనుక ఈ పుండ్లకు మూలం రక్తములో చేరిన మందు కాదు, మాత్ర తాకిడియే. చప్పరించినా, నమిలినా, కట్టుడుపళ్ళ సందున ఇరుక్కొన్నా నాలుక క్రింద, చిగుళ్ళపైన, బుగ్గల లోపల పుండ్లు పడతాయి. మాత్ర గొంతు దిగువన నిలిచితే అన్నవాహిక కూడా ఇట్లే ఒరుస్తుంది. ఇటువంటి కేసుల గురించి 1996లోనే వైద్య పత్రికలలో ప్రచురించారు.

మన ప్రాంతంలో నోటిపూత అనగానే "వేడి చేసింది" అని మజ్జిగ త్రాగి, బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకొని ఊరుకోవడం వాడుక. పుండు మానేలోపు మరుసటి వారపు మాత్ర వచ్చి పడుతుంది, పుండు తిరగబెడుతుంది. కావున నోరు పూసిన పెద్దవారిని ఎముకల మాత్ర ఏ రోజున, ఎట్లా వేసుకొంటున్నారో ముందుగా అడగవలెను. తమకు తాముగా మందు మానివేయక వైద్యునికి తెలుపవలెను. రెండు వారాలు దాటినా మానని పుండును ఏ కారణం చేతనైనా ఉపేక్షించరాదు.

వేసుకొనే పద్ధతి

ఉదయం లేవగానే పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మాత్రను ఒక్కసారిగా మింగాలి. కాఫీ, పాలు, రాగి అంబలి, కాల్షియం మాత్ర కనీసం అరగంట తరువాతనే తీసుకోవాలి. లేనిచో మందు ఒంటబట్టదు. ఆ అరగంట కూర్చొనియో, నిలబడియో ఉండాలి, పడుకోరాదు. "పరగడుపున వేసుకోండి" అని మాత్రమే చెప్పి పంపడం చాలదు. మ్రింగుట కష్టమైనవారికి, అరగంట నిటారుగా కూర్చోలేనివారికి ఈ మాత్ర తగదు.

తిరుపతి పరిశీలనలు

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో సి.వి.హరినారాయణ్ బృందం ముట్లుడిగిన స్త్రీలను పరిశీలించి, వారిలో విటమిన్ డి కొరత విస్తారంగా ఉన్నదని 2005లో ప్రకటించింది. 2007లో వెలువడిన మరొక అధ్యయనం ఆరోగ్యవంతులలో సైతం విటమిన్ డి కొరతను, ఆహారంలో కాల్షియం తక్కువగా, దానిని ఒంటబట్టనీయని ఫైటేట్లు ఎక్కువగా ఉండటాన్ని చూపింది. ఎండకు కొరతలేని సీమలో ఇది ఆశ్చర్యకరమే. రక్తములో కాల్షియం తక్కువగా ఉన్నవారికి అలెండ్రోనేట్ ఇవ్వరాదు గనుక, ఆ లోటును, విటమిన్ డి కొరతను ముందే సరిచేస్తారు.

దవడ ఎముక సమస్య

బిస్‌ఫాస్ఫొనేట్లు వాడేవారిలో దవడ ఎముక చచ్చుబడుట 2003 నుండి వైద్యుల దృష్టికి వచ్చింది. ఇది వేరొక సమస్య, మిక్కిలి అరుదు. ఇందులో ఎముక బయటపడి ఎనిమిది వారాలైనా మూసుకోదు. పన్ను తీయించుకొనేటప్పుడు ఈ మందు సంగతి దంతవైద్యునికి చెప్పవలెను. మాత్ర సరిపడనివారికి ఏడాదికొకసారి నరము ద్వారా ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లము ఉన్నది. అది నోటిని తాకదు గాని, దవడ సమస్య దానితోనూ రావచ్చును. మూత్రపిండాల పనితీరును చూసిన తరువాతనే ఇస్తారు.