ఆర్టీఎం కార్డు అంటే ఏంటి? సన్‌రైజర్స్ పాడినా అర్షదీప్ పంజాబ్‌కే ఎలా వెళ్లాడు?

తొలకరి పడిందంటే చాలు.. అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం వెతుకుతుంటారు. రాయి దొరికిందని తెలిస్తే వ్యాపారులు వాలిపోతారు. ఎవరు ఎక్కువ ఇస్తే రాయి వాళ్లదే.

ఇప్పుడు ఒక్కసారి ఇలా ఊహించుకోండి. వాళ్లలో ఒక వ్యాపారికి ముందే ఓ హక్కు ఉంది. "మీరెంతకైనా పాడుకోండి. చివరి రేటు నేనిస్తా.. రాయి మాత్రం నాదే" అంటాడు. అప్పుడు మిగతావాళ్లు మనసుపెట్టి పాడతారా? ఐపీఎల్‌లో రైట్ టు మ్యాచ్, అంటే ఆర్టీఎం కార్డు కథంతా ఇదే.

పాత రూల్ ఏంటి?

ఈ కార్డు 2014లో వచ్చింది. ఆటగాడు వేలానికి వచ్చాక వేరే టీమ్ పాట గెలిచినా, పాత టీమ్ అదే రేటు ఇచ్చి అతన్ని వెనక్కి తీసుకోవచ్చు. 2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్ చేసింది ఇదే. రషీద్ ఖాన్‌ను పంజాబ్ 9 కోట్లకు పాడితే, అదే 9 కోట్లకు కార్డు వాడి తీసేసుకుంది. శిఖర్ ధావన్‌ను 5.2 కోట్లకు అలాగే దక్కించుకుంది.

పాత టీమ్‌కు ఇది బంపర్ ఆఫర్. రేటు తేల్చే పని వేరేవాళ్లది, ఆటగాడు మాత్రం వీళ్లకి. మరి ఆటగాడికి? పైన ఒక్క రూపాయి కూడా రాదు.

2024లో ఏం మారింది?

2022 మెగా వేలంలో ఈ కార్డు లేదు. 2024 నవంబర్‌లో జెడ్డాలో జరిగిన వేలంలో మళ్లీ వచ్చింది, కానీ ఓ మెలికతో. పాత టీమ్ కార్డు ఎత్తగానే, పాట గెలిచిన టీమ్‌కు రేటు పెంచుకునే ఒక్క చాన్స్ ఇస్తారు. ఎంతైనా పెంచొచ్చు. ఆ కొత్త రేటు ఇస్తేనే పాత టీమ్‌కు ఆటగాడు దక్కుతాడు.

ఫస్ట్ వచ్చిన పేరే అర్షదీప్ సింగ్. అంతకు రెండు నెలల ముందే అనంతపురం ఆర్డీటీ గ్రౌండ్‌లో దులీప్ ట్రోఫీ ఆడి వెళ్లాడు. సన్‌రైజర్స్ 15.75 కోట్లకు పాడింది. పంజాబ్ కార్డు తీసింది. సన్‌రైజర్స్ ఏకంగా 18 కోట్లకు పెంచింది. పంజాబ్ సరే అంది. టీమ్ మారలేదు, కానీ అర్షదీప్‌కు 2.25 కోట్లు ఎక్కువొచ్చాయి.

రిషభ్ పంత్ విషయంలో సీన్ రివర్స్. లక్నో 20.75 కోట్ల దగ్గర ఉండగా ఢిల్లీ కార్డు వాడింది. లక్నో ఒక్కసారిగా 27 కోట్లు అనేసరికి ఢిల్లీ తప్పుకుంది. ఐపీఎల్ చరిత్రలోనే అది రికార్డు రేటు.

కార్డు ఉన్నా వాడాలనే రూల్ లేదు. మన హైదరాబాదీ సిరాజ్‌కు గుజరాత్ 12.25 కోట్లు పాడింది. బెంగళూరు చేతిలో కార్డు ఉన్నా తీయలేదు.

కబడ్డీలోనూ ఉంది

ప్రో కబడ్డీలో దీన్ని ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు కొన్న తెలుగు టైటాన్స్, 2024లో ఈ కార్డుతోనే 1.725 కోట్లకు తిరిగి తెచ్చుకుంది.

అమెరికా ఐస్ హాకీలో ఎలా?

ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ ఇలాంటి హక్కు ఉంది. అక్కడ కాంట్రాక్ట్ అయిపోయిన యువ ఆటగాళ్లను రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్లు అంటారు. వేరే టీమ్ ఆఫర్ ఇస్తే, అదే ఆఫర్ తామూ ఇవ్వాలా వద్దా అని తేల్చుకోడానికి పాత టీమ్‌కు 7 రోజుల టైమ్ ఉంటుంది. వదులుకుంటే, ఆఫర్‌ను బట్టి కొత్త టీమ్ తన డ్రాఫ్ట్ పిక్‌లు, అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చాన్స్‌లు ఇచ్చుకోవాలి. 2024 ఆగస్టులో ఎడ్మంటన్ టీమ్ ఇలాగే ఫిలిప్ బ్రోబర్గ్, డిలాన్ హాలోవే ఇద్దరినీ సెయింట్ లూయిస్‌కు వదిలేసింది.

అసలు తేడా ఒక్కటే. అక్కడ ఆ ఆఫర్ మీద ఆటగాడు సంతకం పెడితేనే కథ మొదలవుతుంది. ఐపీఎల్‌లో పేరు ఇచ్చాక ఏ టీమ్ అన్నది ఆటగాడి చేతిలో ఉండదు. అమ్ముడుపోయాక సరైన కారణం లేకుండా రానంటే రెండు సీజన్ల నిషేధం.

కొత్త రూల్ ఆటగాడికి రేటు పెంచింది నిజమే. కానీ వజ్రకరూరులో రాయి దొరికినవాళ్లు రేటు నచ్చకపోతే ఇంకో వ్యాపారి దగ్గరికి వెళ్తారు. ఐపీఎల్ వేలంలో ఆటగాడు అమ్మేవాడు కాదు.. రాయి!