అలీ ఓడాడా, స్పింక్స్ గెలిచాడా?

1978 నాటి హెవీవెయిట్ బిరుదు పోటీపై నేటికీ తెగని పంచాయితీ

జాతర కుస్తీల్లో తగవు తక్కువ. వస్తాదు వెన్ను మట్టికి తగిలిందంటే పోటీ అయిపోయినట్టే. చుట్టూ నిలబడ్డ జనమంతా ఆ సంగతి కళ్ళారా చూస్తారు. బాక్సింగులో అలా కాదు. ఇద్దరిలో ఎవరూ పడిపోకుండా చివరిదాకా నిలబడితే, బరి పక్కన కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతల కాగితాలే గెలుపోటములు తేలుస్తాయి. అందుకే బాక్సింగులో పోటీ ముగిసినా వాదన ముగియదు.

అలాంటి వాదనల్లో పెద్దది 1978 ఫిబ్రవరి 15 రాత్రి అమెరికాలోని లాస్ వేగాస్‌లో పుట్టింది. ఆ రాత్రి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ మహమ్మద్ అలీ, లియాన్ స్పింక్స్ అనే కుర్రవాడి చేతిలో ఓడిపోయాడు. అప్పటికి మన పల్లెల్లో చాలావాటికి టీవీ రాలేదు. ఏ కబురైనా రేడియోలోనో, పేపరులోనో రావలసిందే. అయినా అలీ పేరు తెలియని చదువరి వుండేవాడు కాదు. 1980లో అలీ మద్రాసుకే వచ్చి వెళ్ళాడు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ బిరుదు గెలిచాక బాక్సింగు మాట మన వూళ్ళలో మళ్ళీ వినబడుతోంది. కనుక ఆ పాత తగవును ఒకసారి విప్పి చూడడం మంచిదే.

ఎవరీ స్పింక్స్?

స్పింక్స్ సెయింట్ లూయిస్ నగరంలో పేదల ఇళ్ళ మధ్య పెరిగాడు. కొన్నాళ్ళు అమెరికా మెరైన్ దళంలో పనిచేశాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ విభాగంలో బంగారు పతకం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో అతని తమ్ముడు మైకేల్‌కు మిడిల్‌వెయిట్‌లో బంగారు పతకం వచ్చింది. స్పింక్స్ డబ్బు పోటీల్లోకి దిగింది 1977 జనవరిలో. అలీతో తలపడేనాటికి ఆడినవి ఏడంటే ఏడే పోటీలు. అందులో ఆరు గెలుపులు, ఒకటి సమానం. పది రౌండ్లు దాటి ఎన్నడూ ఆడి ఎరగడు. వయస్సు 24.

అలీ వయస్సు 36. అప్పటికి 57 పోటీలు ఆడి 55 గెలిచాడు. 1964లో సనీ లిస్టన్‌ను ఓడించి మొదటిసారి ప్రపంచ బిరుదు పట్టాడు. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు 1967లో ఆ బిరుదును గుంజుకున్నారు. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో జార్జి ఫోర్మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టి రెండోసారి సంపాదించాడు. అలాంటివాడికి ఏడు పోటీల కుర్రవాడు ఎదురా అని చాలామంది నవ్వారు. అలీకి ముట్టింది 35 లక్షల డాలర్లు. స్పింక్స్‌కు మూడు లక్షల ఇరవై వేలు. ఈ ఒక్క లెక్క చాలు, ఎవరిని ఎవరితో సమానంగా చూశారో తెలియడానికి.

"తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు" అని మన పెద్దలు వూరికే అనలేదు.

మూడు కాగితాల లెక్క

పోటీ 15 రౌండ్లు జరిగింది. రౌండుకు మూడు నిమిషాల చొప్పున మొత్తం 45 నిమిషాలు. అలీ సుమారు 102 కిలోల బరువుతో బరిలోకి దిగాడు. స్పింక్స్ 90 కిలోలు కూడా లేడు. అలీ మొదటి రౌండ్లలో తాళ్ళకు ఆనుకుని, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని, కొట్టుకో అన్నట్టు నిలబడ్డాడు. కిన్షాసాలో ఫోర్మన్‌ను అలసిపోయేలా చేసిన యుక్తి ఇదే. కుర్రవాడు కూడా అలాగే అలసిపోతాడని అతని అంచనా. కాని కుర్రవాడు అలసిపోలేదు. చేతుల మీదా, భుజాల మీదా, డొక్కల మీదా ఎడతెగకుండా గుద్దుతూనే వున్నాడు. ఆలస్యంగా మేల్కొన్న అలీ చివరి రౌండ్లలో ఎదురు తిరిగాడు. పదిహేనో రౌండులో ఇద్దరూ ఒకరినొకరు కసితీరా కొట్టుకున్నారు. గంట మోగేసరికి ఇద్దరూ నిలబడే వున్నారు.

న్యాయనిర్ణేతల్లో ఒకరు అలీకి 143, స్పింక్స్‌కు 142 వేశారు. రెండోవారు స్పింక్స్‌కు 145, అలీకి 140. మూడోవారు స్పింక్స్‌కు 144, అలీకి 141. ఇద్దరి మాట ఒకటైంది గనుక బిరుదు స్పింక్స్‌కు దక్కింది.

ఈ అంకెలు వింటే ఏమీ అర్థంకాదు గనుక విడమరచి చెప్పుకుందాం. రౌండు గెలిచినవాడికి పది పాయింట్లు, ఓడినవాడికి సాధారణంగా తొమ్మిది. ఆ ప్రకారం చూస్తే మొదటి కాగితంలో అలీ ఎనిమిది రౌండ్లు, స్పింక్స్ ఏడు. రెండో దాంట్లో స్పింక్స్ పది, అలీ ఐదు. మూడో దాంట్లో స్పింక్స్ తొమ్మిది, అలీ ఆరు. ఆ మూడో కాగితంలో రెండంటే రెండు రౌండ్లు అటునుంచి ఇటు మారివుంటే బిరుదు అలీ దగ్గరే వుండేది. మొదట్లో తాళ్ళకు ఆనుకుని వదులుకున్న రౌండ్ల విలువ అంత!

అభిమానుల్లో మూడు జట్లు

ఈ లెక్క దగ్గరే అభిమానులు మూడుగా చీలారు.

మొదటి జట్టువారిది ఒకటే మాట. అలీని స్పింక్స్ ఓడించలేదు, అలీయే తనను తాను ఓడించుకున్నాడు. సరిగా కసరత్తు చేయలేదు, కుర్రవాణ్ణి తేలిగ్గా చూశాడు, చేతిలోని రౌండ్లు జారవిడిచాడు. కాస్త ఒళ్ళు వంచి తయారైతే మళ్ళీ అతనిదే గెలుపు అని వారి నమ్మకం.

రెండో జట్టువారు ఒప్పుకోరు. గెలిచినవాడి కష్టాన్ని దొంగిలించవద్దు అంటారు. పది రౌండ్లు దాటి ఎరగని పిల్లవాడు, లోకమంతా మొక్కే ఛాంపియన్ ఎదుట పదిహేను రౌండ్లూ వెనక్కు తగ్గకుండా ఆడాడు. అది ఎదుటివాడి ఏమరుపాటు వల్ల మాత్రమే జరిగేది కాదని వారి వాదన.

మూడో జట్టువారు ఇద్దరినీ పక్కనపెట్టి వయస్సును తప్పుపట్టారు. 36 ఏళ్ళవాడి కాళ్ళు 22 ఏళ్ళవాడి కాళ్ళలా ఆడవు. అలీ తాళ్ళకు ఆనుకున్నది యుక్తి కోసం కాదు, కదలలేక అని వీరి అనుమానం.

మూడు మాటల్లోనూ నిజం వుంది. అలీ కూడా ఓటమికి సాకులు వెతకలేదు. కుర్రవాడు గెలిచాడని ఒప్పుకుని, మూడోసారి బిరుదు గెలిచే మొదటివాణ్ణి తానే అవుతానన్నాడు. దానితో వాదన కొత్త దారి పట్టింది.

మరో పోటీ ఇవ్వాలా, వద్దా?

ఇవ్వాలన్నవారి చేతిలో బలమైన ఆధారం వుంది. అంతకు ముందు అలీ ఓడింది రెండేసార్లు. 1971లో జో ఫ్రేజియర్ ఓడించాడు, 1974లో అలీ బదులు తీర్చుకున్నాడు. 1973 మార్చిలో కెన్ నార్టన్ దవడ ఎముక విరగ్గొట్టి మరీ ఓడించాడు, ఆరు నెలలకే సెప్టెంబరులో అలీ అతణ్ణీ గెలిచాడు. తనను ఓడించినవాణ్ణి మళ్ళీ ఓడించకుండా అలీ వదలలేదు గదా అన్నది వారి మాట.

వద్దన్నవారి మాటకూ బలముంది. బిరుదు కోసం వరుసలో నిలబడ్డవాడు నార్టన్. వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్ కూడా ముందు నార్టన్‌తోనే ఆడాలని స్పింక్స్‌కు చెప్పింది. రేషను దుకాణం ముందు తెల్లవారకముందే వచ్చి నిలబడ్డవాణ్ణి తోసేసి, పేరున్న ఆసామికి ముందు తూకం వేస్తే ఒప్పుకుంటామా? ఇదీ అంతే.

స్పింక్స్ అలీనే ఎంచుకున్నాడు. అందులో ఆశ్చర్యం లేదు. అలీతో ఆడితే వచ్చే డబ్బు నార్టన్‌తో రాదు. 1978 మార్చిలో కౌన్సిల్ తన బిరుదును స్పింక్స్ దగ్గరనుంచి తీసేసి నార్టన్‌కు ఇచ్చింది. ఒక్క గుద్దూ పడకుండా, నెల రోజులకే సగం కిరీటం పోయింది. ఇక స్పింక్స్‌కు మిగిలింది వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ ఇచ్చిన బిరుదు. నార్టన్ కూడా దాన్ని ఎన్నాళ్ళో నిలుపుకోలేదు. జూన్ 9న లారీ హోమ్స్ అతణ్ణి 15 రౌండ్లలో ఓడించాడు. ఒక రాజ్యానికి ఇద్దరు రాజులు కావడం అప్పుడే మొదలు కాకపోయినా, సామాన్య అభిమానికి మాత్రం అసలు ఛాంపియన్ ఎవరన్న సందేహం ఆ ఏడాది బాగా పట్టుకుంది.

న్యూ ఆర్లియన్స్ రాత్రి

రెండో పోటీ 1978 సెప్టెంబరు 15న న్యూ ఆర్లియన్స్ నగరంలోని సూపర్‌డోమ్‌లో జరిగింది. మొదటి పోటీకి సరిగ్గా ఏడు నెలలు. ఆ కప్పు కింద 60 వేలమందికి పైగా జనం చేరారు.

ఈసారి అలీ తాళ్ళకు ఆనుకోలేదు. ఎడమచేత్తో చిన్న దెబ్బ కొట్టడం, పక్కకు తప్పుకోవడం, కుర్రవాడు మీదికి వస్తే మెడ పట్టుకుని దగ్గరగా బిగించడం, విడిపించుకున్నాక మళ్ళీ ఎడమచెయ్యి. చూడడానికి గొప్ప ఆట కాదు. కాని ప్రతి రౌండూ లెక్క ప్రకారం గెలుచుకున్న ఆట. ఫిబ్రవరిలో చేసిన తప్పును సెప్టెంబరులో దిద్దుకున్నాడు. అటు స్పింక్స్ శిబిరంలో ఐక్యత లేదు. సలహా చెప్పే నోళ్ళు ఎక్కువయ్యాయి. ఫిబ్రవరిలో అతనికి మెళకువలు నేర్పిన జార్జి బెంటన్ విసుగెత్తి పోటీ మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.

ముగ్గురు నిర్ణేతలూ అలీవైపే మొగ్గారు. ఒకరు అలీకి 11 రౌండ్లు, స్పింక్స్‌కు నాలుగు ఇచ్చారు. మిగిలిన ఇద్దరు అలీకి పది, స్పింక్స్‌కు నాలుగు, ఒక రౌండు సమానం అన్నారు. హెవీవెయిట్ బిరుదును మూడోసారి గెలిచిన మొదటివాడు అలీ అయ్యాడు. మొదటి జట్టువారు మీసాలు మెలేశారు. స్పింక్స్ మళ్ళీ ఎన్నడూ ప్రపంచ ఛాంపియన్ కాలేదు. అతని తమ్ముడు మైకేల్ 1985లో హోమ్స్‌ను ఓడించి అన్న పోగొట్టుకున్న స్థాయికి చేరాడు.

అభిమాని అడగని ప్రశ్న

తగవు అంతటితో తీరినట్టే కనబడుతుంది. కాని "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడు" అన్న సామెత వుంది గదా. అసలు కథ అక్కడుంది.

స్పింక్స్‌తో మొదటి పోటీకి అయిదు నెలల ముందు, 1977 సెప్టెంబరులో, అలీ ఎర్నీ షేవర్స్‌తో 15 రౌండ్లు ఆడి గెలిచాడు. షేవర్స్ గుద్దు గట్టిదని పేరు. ఆ పోటీ తరువాత అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో ఇక ఆట మానమని హెచ్చరించారు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని పరీక్షల కాగితాలు చూపారు. వినేవారు లేకపోవడంతో ఆయన శిబిరం వదలి వెళ్ళిపోయారు. అంటే అలీ ఓడాడా, స్పింక్స్ గెలిచాడా అని లోకం వాదించుకుంటున్న రోజులకే, అలీ అసలు బరిలో వుండదగునా అన్న ప్రశ్న వేసినవాడు ఒకడున్నాడు. ఆ ప్రశ్న ఎవరికీ రుచించలేదు. మూడు జట్లలో ఒక్క జట్టూ దాన్ని భుజాన వేసుకోలేదు.

న్యూ ఆర్లియన్స్ గెలుపు తరువాత అలీ 1979లో విరమించుకున్నాడు. అక్కడే ఆగివుంటే బాగుండేది. 1980 అక్టోబరు 2న, 38 ఏళ్ళ వయస్సులో, హోమ్స్ మీదికి దిగాడు. పది రౌండ్లలో ఒక్క రౌండూ దక్కలేదు. పదో రౌండు అయ్యాక శిక్షకుడు ఏంజెలో డండీ ఇక చాలని పోటీ ఆపించాడు. 1981 డిసెంబరులో బహమాస్‌లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాక గాని అలీ ఆట ముగియలేదు. 1984లో పార్కిన్సన్స్ జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. దెబ్బలే దానికి కారణమా అన్నదానిపై వైద్యుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో జ్యోతి వెలిగించిన ఆ చెయ్యి వణకడం లోకమంతా చూసింది. అలీ 2016 జూన్ 3న, 74వ ఏట కన్నుమూశాడు. స్పింక్స్‌కు మెదడు కుంచించుకుపోతోందని తరువాతి కాలంలో వైద్యులు తేల్చారు. అతను 2021 ఫిబ్రవరిలో 67వ ఏట పోయాడు. ఒకరినొకరు ఓడించుకున్న ఇద్దరిలో మెదడు, నరాలు దెబ్బతినకుండా ముసలితనం గడిపినవాడు ఒక్కడూ లేడు.

ఇలాంటి వాదనలు ఆగేవి కావు. 1990లో టోక్యోలో మైక్ టైసన్‌ను బస్టర్ డగ్లస్ పడగొట్టినప్పుడూ మళ్ళీ పోటీ కావాలన్నారు. అది జరగనే లేదు. 2019 జూన్‌లో ఆంటొనీ జాషువాను ఆండీ రూయిజ్ ఓడించినప్పుడూ అదే గోల. ఆ డిసెంబరులోనే రెండో పోటీ జరిగింది, జాషువా గెలిచాడు. మధ్యలో ఆటకు కొంత బుద్ధి వచ్చింది. 1982లో దక్షిణ కొరియా కుర్రవాడు కిమ్ డుక్ కూ బరిలో తిన్న దెబ్బలకు చనిపోయాక బిరుదు పోటీలను 15 రౌండ్లనుంచి 12కు తగ్గించడం మొదలుపెట్టారు. ఆ మూడు రౌండ్లు తగ్గడానికి ఒక ప్రాణం పోవలసివచ్చింది.

మన పిల్లలు కూడా చేతులకు తొడుగులు వేసుకుంటున్న రోజులివి. జిల్లా పోటీల్లో మనవాడు ఓడితే "ఇంకొక్కసారి దింపండి, చూసుకుందాం" అని కేకవేసేది మనమే. కేకవేసే హక్కు అభిమానికి వుంది. దెబ్బ మాత్రం పిల్లవాడి తలమీద పడుతుంది. గెలుస్తాడా, ఓడతాడా అని పందెం కాసేముందు, వైద్యుడు ఏమన్నాడని ఒక మాట అడగడం మంచిది. అలీ అభిమానులు 1978లో అడగనిది ఆ ఒక్క మాటే.