కొన్ని కొలతలతో సంపూర్ణ చిత్రం

శరీరాన్ని కోయకుండా, హానికరమైన కిరణాలను ప్రసరింపజేయకుండా లోపలి అవయవాలను చూపగల సాధనం ఎం.ఆర్.ఐ. యంత్రం. ప్రబలమైన అయస్కాంత క్షేత్రాన్ని, రేడియో తరంగాలను ఉపయోగించి ఇది పని చేస్తుంది. ఈ పద్ధతికి పునాదులు వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలకు 2003లో వైద్యశాస్త్ర విభాగంలో నోబెల్ బహుమతి లభించింది. ఇంతటి మహోపకారియైన యంత్రానికి ఒక లోపం మొదటినుంచీ ఉంది. అది నిదానంగా పని చేస్తుంది. అది కొలతలు తీసుకుంటున్నంతసేపూ రోగి కదలకూడదు. కడుపులోని అవయవాలను చిత్రించేటప్పుడైతే ఊపిరి కూడా బిగబట్టవలసి ఉంటుంది. పెద్దవారు కష్టమైనా ఓర్చుకుంటారు. రెండేళ్ల పసివానికి ఊపిరి బిగబట్టమని చెప్పేదెవరు? చెప్పినా వినేదెవరు? అందువల్ల వైద్యులు పిల్లలకు తరచుగా మత్తుమందు ఇస్తారు. కొన్ని సందర్భాలలో యంత్రంతో నడుస్తున్న శ్వాసను కొద్దిసేపు నిలిపివేస్తారు కూడా. రోగంతో కృశించిన శిశువు విషయంలో ఆ కొద్దిసేపు ఎంత అన్నది ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

యంత్రాన్నే వేగంగా నడిపించవచ్చు కదా అనిపించవచ్చు. ఇంజనీర్లు ఆ ప్రయత్నం చాలా దూరం సాగించారు. కాని అయస్కాంత క్షేత్రాన్ని మితిమీరిన వేగంతో మారిస్తే శరీరంలోని నరాలు ఉద్రిక్తమవుతాయి. యంత్రం వేగానికి మానవదేహమే ఒక హద్దు గీసింది. ఇక మిగిలింది ఒకటే మార్గం, తక్కువ కొలతలతో సరిపెట్టుకోవడం. తక్కువ కొలతలతో పూర్తి చిత్రం వస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం వైద్యశాల నుంచి గాక గణితశాస్త్రం నుంచి వచ్చింది. ఇరవై ఒకటవ శతాబ్దపు అనువర్తిత గణితంలో వెలసిన ఆ శాఖను ‘కంప్రెస్డ్ సెన్సింగ్’ అంటారు. ‘సంపీడిత గ్రహణం’ అని తెలుగు చేసుకోవచ్చు.

దీని అంతరార్థం గ్రహించడానికి ఒక చిన్న సమస్యను పరిశీలిద్దాం. ఒక వర్తకుని దగ్గర ఏడు నాణేలున్నాయి. ఒక్కొక్క నాణెం బరువు 10 గ్రాములు ఉండాలి. వాటిలో ఒకటి నకిలీదని, అది తక్కువ బరువు ఉంటుందని అతనికి అనుమానం. బరువును గ్రాములలో చూపే త్రాసు ఉంది. ఒక్కొక్క నాణెమే తూచితే ఏడు తూకాలు కావచ్చు. కాని మూడు తూకాలు చాలు. మొదటి తూకంలో 1, 3, 5, 7 సంఖ్యల నాణేలను, రెండవ తూకంలో 2, 3, 6, 7 నాణేలను, మూడవ తూకంలో 4, 5, 6, 7 నాణేలను కలిపి తూచాలి. ప్రతి తూకమూ 40 గ్రాములు రావాలి. మొదటిది 38, రెండవది 40, మూడవది 38 వచ్చాయనుకుందాం. రెండవ తూకంలో లోటు లేదు కాబట్టి అందులోని నాణేలు మంచివి. మొదటి, మూడవ తూకాలు రెండింటిలోనూ ఉండి, రెండవదానిలో లేనిది 5వ నాణెం ఒక్కటే. అదే నకిలీది. దాని బరువు 8 గ్రాములు. ఏ నాణెమో తెలియడమే గాక, లోటు ఎంతో కూడా ఈ మూడు తూకాలతోనే తేలిపోయింది.

ఇందులోని వింతను గమనించండి. ఏడు నాణేల లోట్లు ఏడు అవ్యక్తరాశులు. మనకున్నవి మూడు సమీకరణాలు. అవ్యక్తరాశుల కంటె సమీకరణాలు తక్కువైతే, సాధన ఉన్నచో అటువంటి సాధనలు అనంతమని బీజగణితంలో చదువుకున్నాం. ఇక్కడ కూడా అనంతమే. ఉదాహరణకు 1వ నాణెంలో 2 గ్రాములు, 4వ నాణెంలో 2 గ్రాములు లోటు ఉన్నా అవే తూకాలు వస్తాయి. అయినా మనం 5వ నాణెమే దోషి అని నిశ్చయించగలిగాం. ఎందువల్ల? నకిలీ నాణెం ఒక్కటే అన్న సమాచారం మనకు ముందుగా తెలుసు కాబట్టి. తెలియని రాశులలో అత్యధిక భాగం సున్నాలే అయితే ఆ సాధనను ‘విరళ సాధన’ అంటారు. విరళమన్న జ్ఞానం, తీసుకోకుండా వదలిన నాలుగు తూకాలకు బదులుగా నిలిచింది.

నాణేలు ఏడైతే కాగితం మీద వెదకవచ్చు. వేయి నాణేలలో పది నకిలీవైతే? వేయింటి నుంచి పదింటిని ఎన్నుకొనే సంయోగాల సంఖ్య ఇరవై నాలుగు అంకెలున్న సంఖ్య. ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పోవడం ఎంతటి కంప్యూటర్‌కైనా అసాధ్యం. కాబట్టి విరళ సాధనను సూటిగా పట్టుకొనే ఉపాయం కావాలి.

రెండు వందల సంవత్సరాలుగా శాస్త్రజ్ఞులకు కైవసమైన పద్ధతి ఒకటి ఉంది. 1805లో ఫ్రెంచి గణితజ్ఞుడు లెజెండర్ ప్రచురించిన కనిష్ఠ వర్గాల పద్ధతి అది. ఆ ధోరణిలో ఆలోచించి, మన సమస్యకున్న అనంత సాధనల నుంచి వర్గాల మొత్తం అతి తక్కువగా ఉన్నదానిని ఎన్నుకుందాం. అప్పుడు వచ్చే తీర్పు ఇది: 5వ నాణెంలో 1 గ్రాము లోటు, 1, 4, 7 నాణేలలో తలా అర గ్రాము లోటు, 2వ నాణెంలో అర గ్రాము ఎక్కువ! ఒక్క దోషి చేసిన తప్పును ఐదుగురికి పంచిపెట్టినట్లయింది. ఇందులో తూకాలతో పొసగనిది ఏమీ లేదు, కూడి చూసుకోవచ్చు. కాని అది నిజం కాదు. ఇప్పుడు వర్గాలకు బదులు పరమమూల్యాల మొత్తాన్ని కనిష్ఠం చేద్దాం. పై తీర్పులో పరమమూల్యాల మొత్తం 3. 1, 4 నాణేలను దోషులుగా చూపే సాధనలో అది 4. 5వ నాణెం ఒక్కదాన్నే దోషిగా చూపే సాధనలో అది 2. అంతకంటె తక్కువ రావడానికి వీలులేదు, ఎందుకంటే మొదటి తూకంలోనే 2 గ్రాముల లోటు ఉంది. వర్గానికి బదులు పరమమూల్యం అన్న ఈ చిన్న మార్పే సత్యాన్ని పట్టి ఇచ్చింది. పైగా పరమమూల్యాల మొత్తాన్ని కనిష్ఠం చేయడం లీనియర్ ప్రోగ్రామింగ్ సమస్య. లక్షల అవ్యక్తరాశులున్నా కంప్యూటర్లు దానిని సాధించగలవు.

భూగర్భంలో చమురు జాడలు వెదికేవారు ఈ ఉపాయాన్ని 1970 దశకంలోనే వాడుకున్నారు. అది పని చేస్తున్నదని వారికి అనుభవంలో తెలుసు. ఎప్పుడు పని చేస్తుంది, ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలకు విస్తృతమైన సమాధానం మాత్రం చాలాకాలం రాలేదు. 2004లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో పని చేస్తున్న ఎమ్మాన్యుయెల్ కాండెస్ ఒక పరీక్షా చిత్రంతో ప్రయోగం చేశాడు. మనిషి తల అడ్డుకోతను పోలిన ఆ చిత్రాన్ని ‘షెప్-లోగన్ చిత్రం’ అంటారు. సంపూర్ణ చిత్రానికి కావలసిన కొలతలలో నూటికి ఐదింటి కంటె తక్కువ మాత్రమే, 22 గీతల మీద ఉన్నవి మాత్రమే, అతడు కంప్యూటర్‌కు ఇచ్చాడు. మసక చిత్రం కొద్దిగా తేటపడితే చాలుననుకున్నాడు. వచ్చినది అసలు చిత్రమే! ఒక్క బిందువు కూడా తేడా లేదు.

ఆ ఫలితాన్ని అతడు లాస్ ఏంజిలిస్‌లో ఉన్న టెరెన్స్ టావ్‌కు చెప్పాడు. ఇద్దరి పిల్లలూ ఒకే శిశువిద్యాలయంలో చదువుతున్నందువల్ల వారికి కలుసుకొనే అవకాశం ఉండేదట. టావ్ మొదట దీనిని నమ్మలేదు. ఇది అసాధ్యమని నిరూపించడానికి పూనుకొని, ఆ ప్రయత్నంలోనే ఇది నిజమని గ్రహించాడు. కాండెస్, జస్టిన్ రోంబర్గ్, టావ్ కలిసి రాసిన పరిశోధన వ్యాసం 2006లో వెలువడింది. అదే ఏడాది కాండెస్ గురువు, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డేవిడ్ డోనహో రాసిన వ్యాసం కూడా వచ్చింది. ఈ శాఖకు కంప్రెస్డ్ సెన్సింగ్ అన్న పేరు ఆ వ్యాసంతో స్థిరపడింది.

వారు నిరూపించిన ఫలితాన్ని స్థూలంగా ఇట్లా చెప్పవచ్చు. కావలసిన కొలతల సంఖ్య మొత్తం రాశుల సంఖ్యను బట్టి గాక, ప్రధానంగా శూన్యేతర రాశుల సంఖ్యను బట్టి ఉంటుంది. మొత్తం రాశుల సంఖ్య తన సంవర్గమానం రూపంలో మాత్రమే ప్రభావం చూపుతుంది. పది లక్షలు కోటి అయినప్పుడు పది ఆధారంగా గల సంవర్గమానం 6 నుంచి 7కు మాత్రమే పెరుగుతుంది గదా!

అయితే శరీరపు చిత్రానికీ నకిలీ నాణేలకూ పోలిక ఏమిటి? చిత్రంలోని బిందువులలో ఎక్కువ భాగం సున్నాలు కావు, నిజమే. కాని పక్కపక్కనున్న బిందువుల మధ్య తేడాలు చూడండి. కాలేయం లోపల ఒక బిందువుకూ దాని పొరుగు బిందువుకూ తేడా ఇంచుమించు ఉండదు. కాలేయం అంచు వద్ద, రక్తనాళపు గోడ వద్ద మాత్రమే తేడా కనిపిస్తుంది. అంటే ఆ తేడాల పట్టిక విరళమైనది. డిజిటల్ కెమెరా మనం తీసిన ఫోటోను చిన్న ఫైలుగా కుదించగలగడం కూడా ఇటువంటి విరళత్వం వల్లనే. అది లక్షలాది విలువలను కష్టపడి కొలిచి, మరుక్షణంలో వాటిలో అధిక భాగాన్ని పారవేస్తుంది. కెమెరా విషయంలో ఈ వృథా శ్రమకు ఖర్చు లేదు. కొలత కొలతకూ రోగి ఊపిరి బిగబట్టవలసిన చోట మాత్రం ఈ వృథాను సహించలేము.

ఏ కొలతలను తీసుకోవాలన్నది కూడా ముఖ్యమే. ఎం.ఆర్.ఐ. యంత్రం చిత్రంలోని బిందువులను సూటిగా కొలవదు. ఏ చిత్రాన్నయినా అనేక తరంగాల మొత్తంగా రాయవచ్చునని ఫూరియే సిద్ధాంతం చెబుతుంది. ఆ తరంగాల బలాలను యంత్రం వరుస వెంట వరుసగా కొలుస్తుంది. సమయం తగ్గించడానికి వరుస విడిచి వరుస కొలిస్తే ఏమవుతుంది? చిత్రం మీద అదే చిత్రం మడతపడినట్లు రెండవ నీడ ఏర్పడుతుంది. ఏది అసలో, ఏది నీడో ఎవరూ చెప్పలేరు. వరుసలను ఏ క్రమమూ లేకుండా, యాదృచ్ఛికంగా ఎన్నుకుంటే అదే దోషం చిత్రమంతటా చెదరి ఇసుక చల్లినట్లు కనిపిస్తుంది. అటువంటి ఇసుకను విరళత్వం ఆధారంగా తుడిచివేయవచ్చు. తనిఖీ అధికారి ఎప్పుడూ మూడవ వరుసనే చూస్తాడని తెలిస్తే దొంగచీటీలన్నీ మిగిలిన వరుసలకు చేరతాయి. ఎప్పుడు ఎక్కడికి వస్తాడో తెలియని అధికారికి భయపడినంతగా మరెవరికీ భయపడరు. క్రమరాహిత్యంలోని బలం అటువంటిది.

స్టాన్‌ఫర్డ్‌లో మైకేల్ లస్టిగ్, డోనహో, జాన్ పాలీ ఈ సిద్ధాంతాన్ని ఎం.ఆర్.ఐ.కి అన్వయించి 2007లో ప్రకటించారు. అక్కడి పిల్లల వైద్యశాలలో శ్రేయస్ వాసనవాలా అనే వైద్యుడు దీనిని రోగుల చెంతకు చేర్చాడు. 2009లో కాలేయ వ్యాధితో ఉన్న రెండేళ్ల బాలునికి పరీక్ష అవసరమైంది. పాత పద్ధతిలోనైతే వాని శ్వాసను రెండు నిమిషాలు ఆపవలసి వచ్చేది. కొత్త పద్ధతిలో నలభై సెకన్లు సరిపోయాయి. ఆ చిత్రంలో పైత్యరస నాళాలలోని అవరోధం స్పష్టంగా కనిపించింది. 2017లో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ పద్ధతితో పని చేసే యంత్రాల విక్రయానికి అనుమతి ఇచ్చింది. నల్లబల్ల మీది సిద్ధాంతం రోగి మంచం వద్దకు చేరడానికి పదకొండేళ్లు పట్టింది. గణితశాస్త్ర చరిత్రలో ఇది చాలా స్వల్పకాలమే.

ఇదే ఆలోచన ఇతర రంగాలలోనూ అక్కరకు వచ్చింది. 2019లో ప్రకటించిన కృష్ణబిలపు మొదటి చిత్రాన్ని రూపొందించిన పద్ధతులలో విరళత్వాన్ని ఆధారం చేసుకున్నవి ఉన్నాయి. భూగోళం మీద అక్కడక్కడ ఉన్న కొద్ది దూరదర్శినుల కొలతలే వారికి దిక్కు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు అనేకుల నమూనాలను కలిపి పరీక్షించి, వ్యాధిగ్రస్తులను గుర్తించే విధానాన్ని రూపొందించారు. అది ఇంచుమించు మన నాణేల లెక్కే.

ఇక ఈ పద్ధతికున్న ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. నాణేల సమస్యలో నిజంగా 1, 4 నాణేలు రెండూ నకిలీవి అయి ఉంటే? మన లెక్క నిస్సంకోచంగా 5వ నాణేన్నే దోషి అనేది. తూకాలు తప్పు కాదు, లెక్క తప్పు కాదు, దోషి ఒక్కరే అన్న ఊహ తప్పు. కొలవని దానిని ఊహతో పూరించే ప్రతి పద్ధతిలోనూ ఈ ముప్పు పొంచి ఉంటుంది. అయితే ఇక్కడ ఊహ ఏమిటో స్పష్టంగా రాసి ఉంటుంది, దానిని పరీక్షించవచ్చు.

గత దశాబ్దంలో మరొక మార్గం ముందుకు వచ్చింది. వేలాది పాత చిత్రాలను చూపించి కృత్రిమ నాడీజాలాలకు శిక్షణ ఇచ్చి, ఖాళీలను వాటి చేత పూరింపజేయడం ఆ మార్గం. న్యూయార్క్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ సంస్థ కలిసి 2018లో ఇందుకోసం చిత్రాల భాండాగారాన్ని పరిశోధకులకు అందుబాటులో ఉంచాయి. నాలుగవ వంతు కొలతలతో ఈ విధంగా రూపొందించిన మోకాలి చిత్రాలు రోగనిర్ణయానికి మామూలు చిత్రాలతో సమానంగా ఉపయోగపడ్డాయని 2020లో వారు తెలియజేశారు. అదే సంవత్సరం వెగార్డ్ ఆంటున్, ఆండర్స్ హాన్సెన్ మొదలైన గణితజ్ఞులు మరొక ముఖం చూపారు. కొలతలలో కంటికి ఆనని స్వల్ప మార్పు చేస్తే కొన్ని నాడీజాలాలు చిత్రాన్ని తీవ్రంగా వికృతం చేశాయి. శిక్షణలో ఎదురుకాని చిన్న కణితి వంటి వివరం మాసిపోవచ్చు. అన్నిటికంటె విచిత్రం, కొలతలు పెంచినప్పుడు చిత్రం మెరుగుపడడానికి బదులు కొన్ని చోట్ల క్షీణించింది. విరళత్వ పద్ధతులు ఈ దోషానికి అతీతమని కొందరు భావించారు. తగిన విధంగా ఎన్నుకున్న చిన్న మార్పులకు అవి కూడా లోబడతాయని 2021లో మరొక పరిశోధక బృందం చూపింది. ఏ చిత్రంలోని ఏ భాగాన్ని ఎంతవరకు నమ్మవచ్చునో చిత్రంతో పాటే వైద్యునికి తెలియజేసే పద్ధతుల కోసం ఇప్పుడు పరిశోధన సాగుతున్నది.