నెల సెలవు... ఆరు నెలల పన్ను

సౌదీ నుంచి సెలవుపై వచ్చే మనవాళ్ల పనుల పట్టికలో ఇంటి స్లాబు, చెల్లెలి పెళ్లి, పొలం పాస్‌బుక్కు తర్వాత ఇప్పుడు పళ్లు కూడా చేరాయి. దమ్మామ్ క్యాంపులోనో జుబైల్ సైటులోనో రెండేళ్లు ఓర్చుకున్న పిప్పి పన్ను జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో కడపలోనో డెంటల్ కుర్చీ ఎక్కుతుంది. ఇక్కడ ఖర్చు తక్కువ, డాక్టరు మన భాషలో చెబుతాడు. చిక్కంతా తిరుగు టికెట్‌తోనే.

పన్ను పీకించాలా, రూట్ కెనాలా, ఇంప్లాంటా అని అందరూ అడుగుతారు. గల్ఫ్‌లో ఉండేవాళ్లు ఇంకొకటి అడగాలి. రేపు ఇది చెడితే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే మంచి వైద్యం కూడా తప్పుడు వైద్యమే అవుతుంది.

ఇంప్లాంటునే, అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూనే తీసుకోండి. టైటానియం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకల మీద గమనించాడు. 1965లో మొదటిసారి మనిషి దవడలో అమర్చాడు. ఆయన పద్ధతి ప్రకారం స్క్రూ బిగించాక కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగి, అప్పుడు పన్ను తొడగాలి. ఇప్పుడు ఆ వ్యవధి కొంత తగ్గింది. ఎముక దిట్టంగా ఉండి, స్క్రూ గట్టిగా పట్టుకున్న కొందరికి వెంటనే కూడా పన్ను తొడుగుతున్నారు. ‘మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్లు’ అన్న బోర్డు మాత్రం అందరినీ రమ్మంటుంది. సిగరెట్ మానలేనివారికి, షుగర్ అదుపులో లేనివారికి, చిగుళ్ల జబ్బు ఉన్నవారికి ఇంప్లాంటు ఊడే ప్రమాదం ఎక్కువన్న మాట ఆ బోర్డు మీద కనిపించదు. నెల సెలవులో వచ్చినవారికి సరిపడేది రెండు సెలవుల పద్ధతి. ఈసారి స్క్రూ, వచ్చేసారి పన్ను. ఆ మధ్యకాలానికి తీసి పెట్టుకునే పన్ను చాలు. అందానికి కొంచెం లోటే, దవడకు మేలు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంప్లాంట్లలో కంపెనీకో కొలత, స్క్రూకో రకం తల. కరీంనగర్‌లో వేయించిన ఇంప్లాంటు రియాద్‌లో వదులైతే, అది ఏ కంపెనీదో తెలియక అక్కడి డాక్టరు చేతులెత్తేస్తాడు. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు రాసిన కార్డు క్లినిక్ నుంచి అడిగి తీసుకోండి. ఎక్స్‌రే ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. కార్డు ఇవ్వనన్న చోట ఇంప్లాంటు వేయించుకోకండి.

సౌదీలోనే చేయించుకోవచ్చు కదా అంటే, కొంతవరకు నిజమే. ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి అక్కడ ఆరోగ్య బీమా చట్టరీత్యా తప్పనిసరి, కనీస ప్యాకేజీలో పళ్లకూ పరిమితితో చోటుంది. శుభ్రం చేయడం, సిమెంట్ పెట్టడం, పీకడం, రూట్ కెనాల్ వస్తాయి. ఇంప్లాంట్లు, కట్టుడు పళ్లు, క్లిప్పులు, అందం కోసం చేసేవి బేసిక్ పాలసీల్లో సాధారణంగా రావు. అకామా (నివాస అనుమతి కార్డు) చెల్లనివారికి, ‘ఖల్లివెల్లి’ అయినవారికి, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా ఉన్నవారికి ఆ బీమా కూడా ఉండదు. నొప్పి పుట్టినా ముస్తవ్‌సఫ్ (క్లినిక్) గడప తొక్కడానికి వాళ్లకు భయమే.

ఈ బీమా గీత వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. రూట్ కెనాల్ డబ్బు బీమా ఇస్తుంది, క్యాప్ జేబులోంచి పెట్టుకోవాలి. నొప్పి తగ్గింది కదా అని క్యాప్ వాయిదా పడుతుంది. పిప్పి, డ్రిల్లింగ్ కలిసి అప్పటికే దవడ పన్ను గోడలను పలచన చేసి ఉంటాయి. ఏ ఎండు ఖర్జూర గింజో తగిలితే పన్ను నిలువునా చీలుతుంది. అలా చీలిన పన్నును దాదాపు ఎప్పుడూ పీకేయడమే. క్యాప్ వేయించే స్తోమత లేనప్పుడు ఆ సంగతి రూట్ కెనాల్‌కు ముందే డాక్టరుతో చెప్పాలి. పన్ను కొసలను కప్పుతూ గట్టి ఫిల్లింగ్ చేయడం మధ్యేమార్గం.

పీకించుకోవడం తేలిక పని అనుకుంటాం. పై పన్ను పీకితే చూపు పోతుందన్న పాత భయానికి ఆధారం లేదు. అసలు జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. కింది జ్ఞానదంతం వేళ్లు నరానికి ఆనుకుని ఉంటే, తీశాక పెదవి, గడ్డం మొద్దుబారవచ్చు. చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది. పై దవడ పన్ను తీస్తే సైనస్‌కు దారి పడవచ్చు. పీకిన చోట గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండు, మూడు రోజులకు చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది, పొగతాగేవారికి ఇది మరీ ఎక్కువ. అందుకే ప్రయాణం ముందురోజు పన్ను పీకించుకోవద్దు, కనీసం వారం ఉంచుకోండి. చీము పట్టిన పన్ను, గాలి చొరబడిన ఫిల్లింగ్ విమానం ఎక్కాక ఒత్తిడి మారి ప్రాణం తోడేస్తాయి.

రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. పన్ను నుంచి కారే రక్తాన్ని ఆపగలరు, గుండెకు పట్టిన గడ్డను ఆపడం కష్టం. ఎముకల బలానికి జోలెండ్రోనేట్ వంటి ఇంజెక్షన్ తీసుకున్న పెద్దవాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి. వారిలో కొందరికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకుండా కుళ్లుతుంది.

ఇక తెల్లని పళ్ల మోజు. గల్ఫ్ నగరాల్లో ‘హాలీవుడ్ స్మైల్’ ప్రకటనలకు కొదవ లేదు. పన్ను ముందువైపు వెనీర్ అనే పలుచటి పొర అతికించడానికి చాలాసార్లు మంచి పన్నునే అరగదీస్తారు, అరిగిన ఎనామెల్ మళ్లీ పుట్టదు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పళ్లకు మచ్చలు పడిన మన నల్లగొండ, ప్రకాశం పిల్లలకు ఈ ఆశ ఇంకా ఎక్కువ. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా నుంచి ఫ్లోరోసిస్ కథనం వైద్య పత్రికకెక్కింది. సౌదీలోని హాయిల్ ప్రాంతపు బావినీళ్లూ అక్కడి పిల్లల పళ్లకు అవే మచ్చలు వేశాయి. తేలికపాటి మచ్చలకు బ్లీచింగ్, పైపొరను సన్నగా రుద్దే మైక్రోఅబ్రేషన్ సరిపోతాయి. ఇరవై ఏళ్ల కుర్రాడికి గోధుమరంగు మచ్చ కోసం పది పళ్లు అరగదీసి క్యాపులు తొడగడం నా దృష్టిలో అన్యాయం.

మందుల సంచీ మాట కూడా చెప్పాలి. సౌదీలో 2018 నుంచి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మితే కఠిన శిక్షలున్నాయి. సైదలియాలో (మందుల షాపులో) దొరకవని ఇంటి నుంచి డబ్బాలకొద్దీ తీసుకెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. చీము పట్టిన పన్నును మాత్ర నయం చేయదు, కొన్నాళ్లు కప్పిపుచ్చుతుందంతే. ట్రమడాల్, కోడీన్ కలిసిన నొప్పిమాత్రలు అక్కడ నియంత్రిత మందులు. ముందస్తు అనుమతి లేకుండా విమానాశ్రయంలో దొరికితే కేసు పన్నునొప్పిదిగా ఉండదు.

సౌదీలో మన భాషలు తెలిసిన డాక్టర్లు కూడా తగ్గవచ్చు. ముగ్గురు, అంతకుమించి దంతవైద్య సిబ్బంది ఉన్నచోట 45 శాతం సౌదీలే ఉండాలన్న నిబంధన 2025 జులై నుంచి అమల్లోకి వచ్చింది, తర్వాత 55 శాతమన్నారు. రియాద్ బతాలో, జెద్దా షరాఫియాలో హిందీలో నొప్పి చెప్పుకునే వెసులుబాటు ఎన్నాళ్లో చూడాలి. అందుకైనా మీ వైద్యం కాగితాలు ఇంగ్లిషులో దగ్గరుంచుకోండి. ఫిర్యాదుకో సలహాకో సౌదీ ఆరోగ్య శాఖ నంబరు 937 ఉంది.

వీసా వచ్చినవారికి ఒక మాట. గల్ఫ్ మెడికల్‌లో ఎక్స్‌రే తీస్తారు, రక్తం పరీక్షిస్తారు, పళ్ల వైద్యం ఆ జాబితాలో లేదు. అదే వారం దంతవైద్యుడికి నోరు చూపించండి. గార తీయించి, చిన్న పుప్పిని సిమెంట్‌తో పూడ్పించుకుని, జ్ఞానదంతాల ఎక్స్‌రే చూసుకుని విమానం ఎక్కండి.